పాతాళభైరవి మళ్ళీ చూశాం: ఇది సాహసమా, కామెడీనా?

తిరుచానూరు_శ్రీను
పోయిన ఆదివారం ఇంట్లో పాతాళభైరవి పెట్టినా. మా అమ్మ, మా ఆవిడ, పిల్లకాయలిద్దరూ అందరం వరసగా కూర్చున్నాం. నేను ముందే బిల్డప్పు ఇచ్చేసినా, మొసలితో ఫైటు ఉంటాది, మాంత్రికుడు నరబలి ఇస్తాడు, రాత్రిళ్ళు కలలొస్తే నన్ను అనొద్దు అని. భయం సంగతి దేవుడెరుగు, ఇద్దరూ పడీపడీ నగినారు. మాంత్రికుడి వేషంలో ఎస్వీ రంగారావు గడ్డం నిమురుకుంటా ఒక కన్ను చిన్నది చేస్తే చాలు, చిన్నోడు సోఫా మీంచి జారి కింద పడతా ఉండాడు. రామారావు మొసలితో నీళ్ళల్లో దొర్లే సీన్లో పెద్దది ఫోన్ చూసుకుంటా ఉండింది, అదే రేలంగి వచ్చేసరికి ఫోన్ పక్కన పడేసింది.

నా డౌటు ఏందంటే, ఇన్నేళ్ళూ మనం దీన్ని సాహస చిత్రం, జానపద చిత్రం అనుకుంటా వచ్చినాం కదా, తీసినోళ్ళు అసలు నవ్వించడానికే తీసినారా? లేదంటే అప్పట్లో భయపెట్టిందే ఇప్పుడు పాతబడిపోయి నవ్వొస్తా ఉండాదా? రెండూ ఒకటి కాదు కదా. మొన్నటి నుంచి ఇదే ఆలోచన, మీరేమంటారు?

మదనపల్లె_టమాటా
ముందు ఆ సోఫా కాళ్ళు కోయించన్నా, పిల్లోడు ఏడన్నా తల పగలగొట్టుకుంటాడు

స్పీడ్_డబుల్
అందరూ తిట్టినా సరే చెప్తా, నేను గంటన్నర దాటి చూడలేకపోయా. మూడు గంటల పైన సినిమా, ఊపందుకుంది అనుకునే లోపల ఒక పాట, ఆ పాట అయిపోయేలోపు రాకుమారి చెలికత్తెలతో ఇంకో పాట. డైలాగులు బాగున్నాయి, ఒప్పుకుంటా. కానీ ఆ మంచి డైలాగులన్నీ రీల్స్‌లో ఎట్లాగూ చూసేసినాం కదా, ఇంగ సినిమా ఎందుకు?

పీలేరు_పెద్దాయన
@స్పీడ్_డబుల్ నాయనా, పాట వస్తే చిరాకు పడే కాలం మీది. మాకు పాటంటే బయటికి పోయి బీడీ కాల్చుకుని, శెనక్కాయలు కొనుక్కుని, పిల్లోడికి ఉచ్చ పోయించుకుని వచ్చే టైము. టూరింగ్ టాకీసులో నేల మీద కూచుని చూసినా నేను ఈ సినిమాని, రిలీజప్పుడు కాదులే, ఆ తర్వాత చాలా ఏళ్ళకి రెండో రౌండో మూడో రౌండో తిరిగొచ్చినప్పుడు. రీళ్ళు మార్చేటప్పుడు చీకటి పడేది, ఆ చీకట్లో ఎవడో ఒకడు "డింభకా" అని మాంత్రికుడి గొంతుతో అరిచేవాడు, టాకీసంతా ఒకటే నవ్వు. భయపడిండేది మా అవ్వ ఒకతే, అది కూడా కోరిందల్లా ఇచ్చే ఆ పాతాళభైరవి విగ్రహాన్ని చూసి కాదు, సినిమా అయిపోతే చీకట్లో ఊరికి నడిచి పోవాల కదా అని.

కాబట్టి శ్రీనూ, మీ పిల్లోళ్ళు కొత్తగా నగిందేమీ లేదు. అప్పుడూ నగినారు.

తిరుచానూరు_శ్రీను
@పీలేరు_పెద్దాయన ఇదీ నాకు కావాల్సిన సాక్ష్యం. పెద్దాయనకి ఒక లడ్డు పార్సిల్.

మదనపల్లె_టమాటా
పెద్ద లడ్డా చిన్న లడ్డా చెప్పి పంపన్నా, తర్వాత తగువులొస్తాయి

పాతరీలు
నేను కొంచెం గట్టిగానే విభేదిస్తా. పాతాళభైరవి కామెడీ అంటే సగం నిజం చెప్పినట్టు. 1951 మార్చి 15న రిలీజ్, విజయా వాళ్ళది, కె.వి.రెడ్డి డైరెక్షన్, పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. ఆ గుహ సీన్లలో నీడలు చూడండి ఒకసారి, విగ్రహం ముందు మాంత్రికుడి మీద కింద నుంచి వెలుగు పడే షాట్లు. నవ్వించాలని తీసేవాడు అట్లా లైటింగ్ పెట్టడు. గోఖలే, కళాధర్ వేసిన ఆ సెట్లకి అప్పటి జనం నోరు తెరుచుకుని చూశారు. 1952లో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి కూడా వెళ్ళిన సినిమా అది. మనం ఇప్పుడు గ్రాఫిక్స్ చూసి చూసి కళ్ళు మొద్దుబారిపోయి, కార్డుబోర్డు మొసలి కనపడగానే నవ్వుతున్నాం. అది సినిమా తప్పు కాదు.

ఇంకో మాట. ఎస్వీఆర్‌కి అప్పటికి 32 ఏళ్ళు. ఆ ముసలి మాంత్రికుడి వెనకాల ఉన్నది ముప్పై దాటిన కుర్రాడు. ఎన్టీఆర్‌కి 27. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడి వేషం వేసిన పద్మనాభానికి ఇరవై కూడా నిండలేదు.

అలిపిరి_అభి
32 ఆ??? నాకిప్పుడు 33, ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు

రేణిగుంట_జంక్షన్
అభీ, నీ మీసం గురించి వేరే చర్చ పెట్టుకో. ఇక్కడ గడ్డం గురించి మాట్లాడుతున్నారు.

బైరాగిపట్టెడ_77
గడ్డం అన్నారు కాబట్టి చెప్తా. మాంత్రికుడి శక్తంతా గడ్డంలో ఉందంటే, అంత పెద్ద మాంత్రికుడు నేపాళం నుంచి ఉజ్జయిని దాకా వచ్చినోడు పొరపాటున ఇంకొంచెం కిందికి దిగి మన కొండకి వచ్చుంటే? కల్యాణకట్టలో కూచోబెట్టి తల తడిపి రెండు నిమిషాల్లో తలా గడ్డం మొత్తం నున్నగా లాగేసి "గోవిందా" అనిపించి పంపించేవాళ్ళు. కథ మొదటి రీల్లోనే క్లోజ్. హీరో తోటరాముడికి పని లేదు, వాడి జతగాడు అంజిగాడికి పని లేదు.

మదనపల్లె_టమాటా
పైగా ఆ వెంట్రుకలు వేలంలో అమ్మేస్తారు. ఆ విగ్గు పెట్టుకున్నోడికి మంత్రాలొచ్చేస్తే ఏం చేస్తావు

బైరాగిపట్టెడ_77
సీక్వెల్

కథలపిచ్చి_వాణి
నేను బడిలో తెలుగు చెప్తాను, ఈ కథని పిల్లలకి చాలాసార్లు చెప్పాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

ఈ కథకి రెండు వేర్లున్నాయి. ఒకటి మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు. మణిసిద్ధుడనే ఆయన కాశీకి నడిచి వెళ్తూ, తోడొచ్చిన పశువుల కాపరికి ఒక్కో మజిలీలో ఒక్కో కథ చెప్తాడు, అవే మజిలీ కథలు. రెండోది అల్లావుద్దీన్ అద్భుత దీపం. మాంత్రికుడు తనకి కావలసిన వస్తువు కోసం ఒక పేదవాడి కొడుకుని వాడుకోవాలని చూడటం, అది కాస్తా ఆ కుర్రాడి చేతికే చిక్కడం, కుర్రాడు మేడ కట్టించుకుని రాకుమారిని చేసుకోబోవడం, మాంత్రికుడు తిరిగొచ్చి మేడనీ రాకుమారినీ ఎత్తుకుపోవడం, ఈ వరస మొత్తం అల్లావుద్దీన్‌దే. ఆ అల్లావుద్దీన్ కథ కూడా పాత అరబ్బీ రాతప్రతుల్లో లేదు. గాలాండ్ అనే ఫ్రెంచి ఆయన 1709లో హన్నా దియాబ్ అనే సిరియా కథకుడి నోట విని రాసుకుని వెయ్యిన్నొక్క రాత్రుల్లో చేర్చాడు. కాబట్టి పాతాళభైరవి కాపీ అని మొదలెట్టేవాళ్ళు ఎవరి దగ్గర్నుంచి ఎవరు కాపీ కొట్టారో ముందు తేల్చుకుని రండి.

ఇప్పుడు శ్రీను గారి ప్రశ్నకి వస్తా. అల్లావుద్దీన్‌లో దీపం ఎట్లా పోతుంది? మాంత్రికుడు "పాత దీపాలకి కొత్త దీపాలిస్తాం" అని వీధిలో అరుస్తాడు, ఇంట్లోవాళ్ళు తెలియక ఇచ్చేస్తారు. మోసం, అంతే. మన సినిమాలో ఆ పని రేలంగికి ఇచ్చారు. రాజుగారి బావమరిది శూరసేనుడు, పేరులో శూరుడున్నాడు గానీ పాముని చూస్తే పరుగు. రాకుమారి తనకి దక్కలేదని చచ్చిపోదామని బయల్దేరితే మాంత్రికుడు దొరుకుతాడు, వాడి మాట విని విగ్రహం తెచ్చిస్తాడు. అంటే అసలు కథలో ఉత్త మోసంగా ఉన్నచోట కె.వి.రెడ్డి, పింగళి ఒక నవ్వులాట మనిషిని పెట్టారు. ఇది పాతబడి పుట్టిన నవ్వు కాదండీ, కావాలని పెట్టిన నవ్వు.

పలమనేరు_పార్థు
వాణి గారు మొదలుపెట్టింది నేను ముందుకు లాగుతా. ఈ సినిమాలో కథ మలుపు తిరిగే చోట్లు లెక్కపెట్టండి. మాంత్రికుడు చచ్చిపోయినాడు, తోటరాముడే బలి ఇచ్చేసినాడు, విగ్రహం దక్కింది, మేడ వచ్చింది, పెళ్ళికి ముహూర్తం. అక్కడికి సినిమా అయిపోవాల. మళ్ళీ ఎవరు లేపినారు? సదాజపుడు, పద్మనాభం. సంజీవని తెచ్చి గురువుని బతికించింది వాడే. తర్వాత విగ్రహం పోగొట్టింది ఎవరు? రేలంగి. చివర్లో సదాజపుడి వేషంలో లోపలికి పోయి, "ఈ గడ్డంతో రాకుమారి నిన్ను ఎట్ల ప్రేమిస్తాది" అని మాంత్రికుడికి నచ్చజెప్పి గడ్డం గీయించింది ఎవరు? అంజిగాడు, అదే పాత కమెడియన్ బాలకృష్ణ. మూడు మలుపులు, ముగ్గురు కమెడియన్లు. హీరో చేసిందేమంటే మధ్య మధ్యలో కత్తి తిప్పడం, పాటలు పాడటం.

తర్వాత వచ్చిన సినిమాల్లో చూడండి, కామెడీ ట్రాకు అని వేరే ఉంటాది, అది కట్ చేసి పక్కన పెట్టినా కథకి చుక్క నష్టం లేదు. టీవీలో వేసేటప్పుడు కట్ చేసేది కూడా అదే. ఇందులో రేలంగిని తీసేయండి, పద్మనాభాన్ని తీసేయండి, అంజిని తీసేయండి, సినిమా గంటకే అయిపోతాది. అందుకే పిల్లకాయలు వాళ్ళు వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఇప్పుడు ఏదో జరగబోతా ఉందని వాళ్ళకి తెలిసిపోతాది.

స్పీడ్_డబుల్
గంటకే అయిపోతాదంటే నాకు ఆ వెర్షన్ కావాలి బ్రో

పలమనేరు_పార్థు
నీకు ట్రైలర్ చాలు తమ్ముడూ

పాతరీలు
@పలమనేరు_పార్థు లెక్క బాగుంది గానీ ఒకవైపే ఉంది. మొదటి సగం మొత్తం రాముడిదే. పామునుంచి రాకుమారిని కాపాడింది, ప్రాణానికి తెగించి మాంత్రికుడి వెంట పోయింది, మొసలిని చంపింది, ఆ మొసలి శాపం తీరి స్త్రీగా మారి మాంత్రికుడి కుట్ర చెప్తే అది విని అక్కడికక్కడ వాణ్ణే బలి ఇవ్వగలిగింది. గడ్డం గీయడం కన్నా అది చిన్న పనా?

పలమనేరు_పార్థు
చిన్న పని అనలేదన్నా. మొదటి సగం రాముడు గెలుస్తాడు, అది సాహసం. ఆ గెలిచింది నిలబడలేదు చూడు, అక్కడ్నుంచి కామెడీ.

కాళహస్తి_సుధ
అన్నలూ, మీరంతా మగాళ్ళ లెక్కలే చూస్తున్నారు. రాకుమారి ఇందుమతి ఏం చేస్తుందో ఎవరన్నా చెప్పండి. మాలతి చాలా బాగా చేసింది, ఆ గొంతు, ఆ చూపు, "కలవరమాయే మదిలో" పాట ఇప్పటికీ మా ఇంట్లో పొద్దున్నే మోగుతుంది. కానీ కథలో ఆ పిల్ల కలవరపడటం, ఏడవటం తప్ప ఏం చేసింది? వాణి గారు చెప్పిన అల్లావుద్దీన్ కథలో రాకుమారే కదా మాంత్రికుడితో నవ్వుతూ మాట్లాడి మత్తుమందు తాగిస్తుంది! ఆ పని మన దగ్గర అంజిగాడికి ఇచ్చేశారు. అంటే మన సినిమా వాళ్ళు ఫ్రెంచి ఆయన కన్నా వెనకబడ్డారు.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు, అది అడిగిన ప్రశ్న ఏందంటే "ఆ అమ్మాయి తనే ఆ విగ్రహం తీసుకుని నరుడా అనకుండా నారీ ఏమి నీ కోరిక అని అడిగించుకోవచ్చు కదా" అని. నా దగ్గర జవాబు లేదు.

కథలపిచ్చి_వాణి
@కాళహస్తి_సుధ మీరు చెప్పింది న్యాయమే. అయితే ఒకటి గమనించండి, అంజి ఆ గడ్డం తీయించగలిగింది రాకుమారి లొంగలేదు కాబట్టే. ఆమె అంత గట్టిగా మొండికేసి కూచోకపోతే మాంత్రికుడికి అందగాడిలా కనపడాల్సిన అవసరమే రాదు. ప్రపంచాన్ని ఏలాలనుకున్నవాడు అద్దం ముందు కూచున్నాడంటే ఆ పిల్ల వల్లే. అయినా సరే, మీ అమ్మాయి ప్రశ్నకి నేను ఎదురు చెప్పను, బాగా అడిగింది.

కాళహస్తి_సుధ
మొండికేయడం కూడా పనేనంటారా. మా ఇంట్లో అయితే ఆ పని అందరూ ఫుల్‌టైం చేస్తున్నారు.

చిత్తూరోడు
ఇంతసేపూ ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది. ఈ సినిమా తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తీసినారు, 1951లోనే రెండూ వచ్చినాయి. అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే కదా ఉండింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబర్ 1న. మా తాత వాళ్ళది గుడిపాల దగ్గర పల్లె, వాళ్ళకి చిత్తూరు ఎంత దూరమో వేలూరు దాదాపు అంతే దూరం. మా ఇంట్లో పెద్దోళ్ళు సగం మంది దీన్ని తెలుగులో చూసినారు, సగం మంది అరవంలో చూసినారు. పండక్కి అందరూ కలిస్తే ఒకటే గొడవ, రంగారావు ఏ భాషలో బాగా అరిచినాడు అని! మా పెద్దనాయన చచ్చేదాకా అరవంలోనే బాగుంది అన్నాడు.

అలిపిరి_అభి
పెద్దనాయనది ఏ ఊరు పెళ్ళాం అన్నా

చిత్తూరోడు
ఆరణి. నీకెట్ల తెలిసె?

అలిపిరి_అభి
ఊహించినా

రేణిగుంట_జంక్షన్
మన సీమ గొప్ప కూడా ఒకటి చెప్పుకోవాలి ఇక్కడ. కె.వి.రెడ్డి తాడిపత్రి ఆయన. నాగిరెడ్డి పులివెందుల వైపు. పద్మనాభం సింహాద్రిపురం. ఆ విజయా నాగిరెడ్డి, చక్రపాణి ఇద్దరే 1947 జులైలో చందమామ మొదలుపెట్టింది. అంటే నెల నెలా పిల్లలకి రాకుమారుల కథలు, రాక్షసుల కథలు అచ్చేసేవాళ్ళే ఈ సినిమా తీశారు. పిల్లలకి ఏ చోట భయం పెట్టాలో, ఏ చోట నవ్వు పెట్టాలో వాళ్ళకి ఒకరు చెప్పాలా?

ఆ తోటరాముడు, అదే ఎన్టీఆర్, 1983లో మన తిరుపతి నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడు, అది వేరే కథ.

బైరాగిపట్టెడ_77
రాజకీయాలు వద్దు జంక్షనన్నా, రూలు పెట్టింది నువ్వే

రేణిగుంట_జంక్షన్
చరిత్ర చెప్పా, రాజకీయం చెప్పలా. సరే ఆపుతున్నా.

స్పీడ్_డబుల్
లాజిక్ డౌట్లు అడగొచ్చా? ఒకటి, ఏది అడిగితే అది ఇచ్చే దేవత చేతిలో ఉంటే తోటరాముడు ఒక మేడ, రాజుకి సమానంగా సంపద అడిగి ఊరుకున్నాడేంటి, ఇంకెప్పుడూ ఎవరూ ఈ విగ్రహం దొంగిలించకూడదు అని ఒక్క కోరిక కోరుంటే సరిపోయేది కదా? రెండు, అంత విలువైన విగ్రహాన్ని పూజగదిలో పెట్టి తాళం కూడా వేయకుండా పెళ్ళి పనుల్లో తిరుగుతాడా? మా ఇంట్లో పెళ్ళైతే బీరువా తాళం మా అత్త నడుముకే ఉంటుంది, నిద్రలో కూడా.

కాళహస్తి_సుధ
నీ గంటన్నరలో పెళ్ళి దాకా వచ్చావా? అయితే చాలా చూశావే.

పీలేరు_పెద్దాయన
తోటమాలి కొడుకు నాయనా వాడు. తాళం వేసే అలవాటు వాళ్ళింట్లో యాడిది? దాచుకునేది ఏముండాదని తాళం? నిన్నటిదాకా పూలు కట్టుకుంటా ఉన్న ఇంట్లో రాత్రికి రాత్రి మేడ లేస్తే తల్లి కూడా బిత్తరపోయి చూస్తా ఉంటాది. ఆ తల్లి వేషం సురభి కమలాబాయి, తెలుగు టాకీలో మొదటి హీరోయిన్ ఆమే, భక్త ప్రహ్లాదలో లీలావతి. ఆమె మొహంలో ఆ బిత్తర చూసినా చాలు మీ డౌటు తీరిపోతాది.

స్పీడ్_డబుల్
ఇది మాత్రం పాయింటే పెద్దాయనా

పాతరీలు
ఆ సీను గురించి పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో సీను చెప్తా, కామెడీ అనే మీ వాదనకి పనికొచ్చేదే, నా వాదనకి కాదు. మాంత్రికుడు మొదట ఉజ్జయిని వచ్చినప్పుడు నడివీధిలో గారడీ చేస్తాడు. ఒకసారి ఆలోచించండి, పాతాళం నుంచి దేవతని రప్పించబోయేవాడు, వీధిలో నిలబడి జనాన్ని పోగేసుకుని గారడీ! చూసే జనం అది చెయ్ ఇది చెయ్ అంటుంటే వాడికి ఒళ్ళు మంట. ఎస్వీఆర్ ఆ విసుగు పెట్టిన తీరు గమనించండి, కనుబొమ్మ ఒకటి పైకి పోతుంది, పెదవి ఒక పక్కకి పోతుంది, గొంతు మాత్రం మెత్తగా ఉంటుంది. అచ్చం జనం చప్పట్లు కొట్టలేదని లోపల కుళ్ళుకునే స్టేజీ ఆర్టిస్టు. ఆ పాత్ర అక్కడే మనిషైపోయింది. చివర్లో అందం కోసం గడ్డం తీయించుకుంటాడంటే మనం నమ్మేది ఇక్కడ ఈ గర్వం చూశాం కాబట్టే.

పలమనేరు_పార్థు
మరి ఇంతసేపూ నాతో కొట్లాడింది ఎందుకన్నా

పాతరీలు
సినిమా కామెడీ అంటే ఇప్పటికీ ఒప్పుకోను. మాంత్రికుడు కామెడీ, సినిమా కాదు.

మదనపల్లె_టమాటా
ఇడ్లీ మెత్తగా ఉంది కానీ టిఫిను మెత్తగా లేదు అన్నట్టుంది

కథలపిచ్చి_వాణి
గడ్డం దగ్గర ఇంకో మాట. మన కథల్లో మాంత్రికుడి ప్రాణం ఎప్పుడూ చాలా దూరంగా ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో సముద్రాలు దాటి చిలకలో ఉంటుంది, బాలవర్ధిరాజు నానా అగచాట్లూ పడి దాన్ని పట్టుకోవాలి. ఇందులో శక్తిని తెచ్చి సొంత మొహానికే తగిలించారు! అందరికీ కనపడేచోట, రోజూ నిమురుకునేచోట. చిలక కోసం సాహసం కావాలి, గడ్డం కోసం నోటి మాట చాలు. అందుకే అక్కడికి రాముణ్ణి కాకుండా అంజిని పంపారు.

బైరాగిపట్టెడ_77
వాణక్కా ఇది చదవతా ఉంటే నాకు మన గంగజాతర గుర్తొచ్చింది. తాతయ్యగుంట గంగమ్మ కథ కూడా ఇదే దారి కదా. పాలెగాడు ఆడోళ్ళని చెరపడతా ఉంటే గంగమ్మ వాణ్ణి వెతుక్కుంటా రోజుకొక వేషం వేస్తాది, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం. వాడు భయపడి దాక్కుంటాడు. చివరికి దొర వేషం వేసుకుని వస్తే ఎవరో పెద్ద దొర వచ్చినాడని పాలెగాడు బయటికి వస్తాడు, అక్కడ అయిపోయె వాడి పని. కత్తి ఒక్కటే కాదు, వేషం కూడా కావాల. జాతరలో బండ వేషం రోజు చూడండి, ఆ వేషం వేసినోళ్ళు నోటికొచ్చిన బూతులు తిడతారు, తిట్టించుకున్నోళ్ళు పుణ్యం అనుకుంటా నగతా దండం పెడతారు. చిన్నప్పుడు నేను మా అమ్మ కొంగు పట్టుకుని ఏడిస్తా ఉంటే మా మామ పక్కన నిలబడి నగతా ఉండేవాడు. అదే వేషం, అదే రోడ్డు, ఒకరికి భయం, ఒకరికి నవ్వు. మనూర్లో పుట్టినోళ్ళకి భయమా నవ్వా అనే డౌటు రాకూడదు శ్రీనన్నా.

కాళహస్తి_సుధ
పైగా అక్కడ పాలెగాణ్ణి చంపింది ఆడమనిషి. మా అమ్మాయికి ఈ కథే చెప్తా ఇంగ.

తిరుచానూరు_శ్రీను
@బైరాగిపట్టెడ_77 మా అమ్మకి ఇది చదివి వినిపించినా. "మరి మాంత్రికుడు నగిస్తే మాత్రం నరబలి నరబలి కాకుండా పోతాదా" అనింది. ఆమె లెక్కలో అది భయం సినిమానే, పిల్లకాయలకి బుద్ధి లేదు.

అలిపిరి_అభి
నేను నిన్న రాత్రి చూసినా మీ పుణ్యాన. ఒక యాప్‌లో ఉంది గానీ ప్రింటు అరాచకం, పాట మధ్యలో యాడు, రేలంగి "వినవే బాలా నా ప్రేమ గోల" అని ఎత్తుకునే టైముకి లోన్ కావాలా అని ఎవరో అడగతా ఉండారు. ఆ పాట రేలంగే పాడుకున్నాడంట కదా?

పాతరీలు
అవును, రేలంగి సొంత గొంతు. మంచి గాయకుడు పాడుంటే ఆ పాట చచ్చిపోయేది. ఇంకో సంగతి, "రానంటే రానోయి" పాటలో డాన్సు చేసే అమ్మాయిని గుర్తుపట్టావా?

అలిపిరి_అభి
లేదన్నా, ఆ టైములో స్కిప్ యాడ్ నొక్కతా ఉన్నా

పాతరీలు
సావిత్రి. మహానటి సావిత్రి, ఇంకా హీరోయిన్ కాకముందు. మళ్ళీ వెనక్కి పోయి చూడు.

కాళహస్తి_సుధ
అయ్యో అవునా, నేను ఎన్నిసార్లు చూసుంటా, ఒక్కసారీ పట్టుకోలేదు. ఇప్పుడే పెడతున్నా.

స్పీడ్_డబుల్
సరే, ఇంత చెప్పాక మిగతా సగం కూడా చూసినా. గడ్డం తీసేశాక ఎస్వీఆర్ మొహం చూసి నిజంగా నవ్వొచ్చింది, గుర్తు తెలియని ఎవరో పక్కింటి మామయ్యలా ఉన్నాడు. పాటలు మాత్రం ఇప్పటికీ ఎక్కువే అంటా. "ఎంత ఘాటు ప్రేమయో" తప్ప.

పలమనేరు_పార్థు
"ప్రేమ కోసమై వలలో పడెనే" కూడా తప్ప అను

స్పీడ్_డబుల్
అది కూడా తప్ప. ఇంగ చాలు, ఇంకొకటి అడిగితే అన్నీ తప్ప అనిపిస్తావు

చిత్తూరోడు
తమిళ ప్రింటు ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండప్పా. పెద్దనాయన మాట నిజమో కాదో ఒకసారి తేల్చేసుకోవాల.

రేణిగుంట_జంక్షన్
ఉన్నవాళ్ళు ఇక్కడ లింకులు పెట్టకండి, చిత్తూరోడికి విడిగా చెప్పండి. శ్రీనూ, వచ్చే ఆదివారం ఏం పెడతా ఉండావు ఇంట్లో?

తిరుచానూరు_శ్రీను
పిల్లకాయలు జగదేకవీరుని కథ అడుగుతా ఉండారు. అందులో కూడా నగే మాంత్రికుడు ఉన్నాడా అని.

పీలేరు_పెద్దాయన
మాంత్రికుడు లేడు గానీ రాజనాల, సీయస్సార్ ఉండారు. సోఫా కింద దిండు వెయ్యి.